ఎకాలజీలో ఎమ్మెస్సీ చేస్తే ఉద్యోగాలు ఉంటాయా?

బీఎస్సీ పూర్తిచేసిన మీ చెల్లెలు ఎకాలజీలో, అంటే జీవావరణ శాస్త్రంలో, ఎమ్మెస్సీ చేస్తానంటోందని, ఆ చదువుకు ఉద్యోగాలు ఉంటాయా అని అడిగారు. ఉంటాయి. అదే చదువు చదివి, పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలు తయారుచేసే ఒక కన్సల్టెన్సీలో నాలుగేళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. ఈ నివేదికల గురించి కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనికి గానీ కర్మాగారానికి గానీ అనుమతి కావాలంటే నివేదికలో మొక్కలు, జంతువుల వివరాలు ఉండితీరాలి కనుక, ఆ సంస్థలకు మన పట్టా అవసరం. మన కళ్లు అవసరమా అన్నది వేరే సంగతి.

రాయలసీమలో ఒక సున్నపురాయి గని కోసం నన్ను తొలిసారి సర్వేకు పంపినప్పుడు, చుట్టూ పది కిలోమీటర్ల ప్రాంతాన్ని మూడు రోజుల్లో చూసి రమ్మన్నారు. అదీ నడివేసవిలో. వానాకాలం కాని ఒక్క సీజన్ వివరాలతో సరిపెట్టే పద్ధతి ఉన్నందువల్ల, తొలకరికి గానీ బయటపడని కప్పలూ, వానతోనే మొలిచి వానతోనే పోయే గడ్డిజాతులూ ఇలాంటి జాబితాలకు ఎక్కడం అరుదు. రెండో రోజు పొద్దున్నే ఒక వంక పక్కన ఏడు నెమళ్లు కనిపిస్తే రాసుకున్నాను. నెమలి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జీవుల జాబితాలో, ఉన్న పక్షి; దాని పేరు నివేదికలో ఉంటే సంరక్షణ ప్రణాళికను, దానికయ్యే ఖర్చును కూడా చూపించాలి. మా మేనేజరు "అవి ఎటో పోతూ కనిపించి ఉంటాయిలెండి" అని ఆ వరుస కొట్టేశారు. కొత్త ఉద్యోగం కావడంతో ఊరుకున్నాను.

కొన్ని నెలల తరువాత ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు, తెలుగులో పంచిన నివేదిక సారాంశాన్ని చేతపట్టుకుని ఒక పెద్దాయన లేచి, "ఏం సార్, ఏటా మా శెనక్కాయ చేలు తవ్వి తినే నెమిళ్లు మీ కాగితాల్లో ఎందుకు లేవు?" అని అడిగారు. షామియానా కింద అందరూ నవ్వారు. జవాబు చెప్పమని మైకు నా చేతికిచ్చారు గానీ నాకు నోట మాట రాలేదు. తుది నివేదికలో నెమలి చేరింది.

ప్రభుత్వ ఉద్యోగాల సంగతి మరీ విచిత్రం. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు అర్హమైన డిగ్రీ సబ్జెక్టుల్లో గణితం, భౌతికశాస్త్రం, ఇంజనీరింగ్ ఉన్నాయి, ఎకాలజీ లేదు. మీ చెల్లెలు బీఎస్సీలో వృక్షశాస్త్రమో జంతుశాస్త్రమో చదివి ఉంటే ఆ అర్హత దానివల్లనే వస్తుంది. ఇక డిగ్రీ కాలేజీల్లో పర్యావరణ అధ్యయనం తప్పనిసరి పాఠమే అయినా, నేను చూసినంతవరకు దాన్ని ఆ గంటకు ఖాళీగా ఉన్న లెక్చరర్ చేతనే చెప్పిస్తారు.

విశ్వవిద్యాలయాన్ని ఎంచుకునేముందు ర్యాంకు సంగతి పక్కనపెట్టి, విద్యార్థులను ఏడాదికి ఎన్ని రోజులు క్షేత్రానికి తీసుకెళతారో, హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాల భాండాగారం) ఉందో లేదో కనుక్కోమనండి. మా బ్యాచ్ పద్నాలుగు మందిలో ఆకునూ పువ్వునూ చూసి మొక్క కుటుంబం చెప్పగలిగినవాళ్లం ముగ్గురమే. ఇప్పటికీ ఈ రంగంలో మిగిలిందీ ఆ ముగ్గురమే.