మందతో మొదలుపెట్టు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. ఒట్టోమన్ తుర్కుల పాలన మీద సెర్బియా చేసిన మొదటి తిరుగుబాటు గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించినందుకే చాలా సంతోషించాను. కానీ ఆ తిరుగుబాటు నాయకుడు, నీ కరాజోర్జే, మొదటి పేరాలోనే కత్తి దూసేశాడు. అతను పందుల వ్యాపారి అన్న సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశావు. నాకు మాత్రం కథంతా ఆ వాక్యంలోనే కనిపించింది.

అతని ప్రాంతం, సెర్బియా నడిబొడ్డున ఉన్న షుమాదియా, అంటేనే అడవుల సీమ. ఓక్ చెట్ల కింద రాలిన కాయలు తిని పందులు బలిసేవి. వాటిని మందలుగా తోలుకెళ్లి, నది దాటించి ఆస్ట్రియా వాళ్లకు అమ్మేవారు. ఆ బేరాల్లో డబ్బుతో పాటు దారులు తెలుస్తాయి, రేవులు తెలుస్తాయి, అవతలి ఒడ్డున ఎవరిని నమ్మొచ్చో తెలుస్తుంది. తర్వాత తిరుగుబాటుకు తుపాకిమందు వచ్చింది కూడా ఆ ఒడ్డు నుంచే. ఇది నీ కథలో ఎక్కడా లేదు.

1804 మొదట్లో, బెల్‌గ్రేడ్‌ను గుప్పిట్లో పెట్టుకున్న దహీలు, అంటే సుల్తాను మాట వినని జానిసరీ సైనిక నాయకులు, సెర్బ్ ఊరిపెద్దల తలలు నరికించారు. కరాజోర్జే కోసం మనుషులు వచ్చేసరికి అతను మందను తోలుకెళ్లే ఏర్పాట్లలో ఉన్నాడని చెబుతారు. అక్కడ కాసేపు ఆగు. వ్యాపారికి మంద అంటే ఏడాది కష్టం. దాన్ని వదిలి అడవిలోకి పోయేటప్పుడు వెనక్కి తిరిగి చూశాడా? మందలో ఎన్ని పందులున్నాయో లెక్క గుర్తొచ్చిందా? యుద్ధాల కంటే ఈ ఒక్క పూటకే ఎక్కువ పేజీలు ఇవ్వు.

తిరుగుబాటుకు నాయకుణ్ణి ఎన్నుకున్న ఒరాషాత్స్ సభను బాగా రాశావు. నాయకత్వం ముందు గ్లావాష్‌కు ఇవ్వజూపితే, నేను హైదుక్‌ని, అంటే అడవి బందిపోటుని, జనం నన్ను నమ్మరని తప్పుకున్నాడట. ఇల్లూ వాకిలీ ఉండి, ఆస్ట్రియా తరఫున యుద్ధం కూడా చేసొచ్చిన వ్యాపారి వైపు జనం ఎందుకు తిరిగారో అందులోనే ఉంది. 1806లో సంధి మాటలకు ఇస్తాంబుల్ వెళ్లిన పేతర్ ఇచ్కో కూడా వ్యాపారే. అతన్నీ తీసుకురా.

ఇంకొకటి. సొంత తమ్ముడు మరింకోను కరాజోర్జే ఉరి తీయించాడు. వీరుడికి మచ్చ అవుతుందని వదిలేసినట్టున్నావు. వదలొద్దు, నాకు ఆ మనిషి మొత్తం కావాలి.

1817లో కరాజోర్జే హత్య దాకా లాగకు. 1813లో అంతా కూలిపోయి, ఒకప్పుడు మందలు అమ్మిన ఆస్ట్రియాకే మంద లేకుండా పారిపోతాడు. అక్కడ ఆపెయ్యి.

తిరగరాసి పంపు. ముందుగా ఆ అడవి పేజీలు.

మీ అన్నయ్య