యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు, ఖాతాలో డబ్బు లేకపోతే అప్పు ఆగదు

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. వయసు 28, పెళ్లి కాలేదు. పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో పని, చేతికి 22,500 వస్తుంది. అందులో ఇంటికి 8,000, రూము వాటా 2,500, బైకు ఈఎంఐ 2,870, చీటీ 2,000. ఏడు నెలల కిందట ఒక డేటింగ్ యాప్‌లో 1,499కి ఆరు నెలల ప్రీమియం తీసుకున్నాను. నెల వాడి యాప్ తీసేశాను, ఖాతా కూడా డిలీట్ చేశాను. అయినా పోయిన నెల 3న 3,199 కట్ అయింది. ఖాతాలో ఉన్నదే 4,600. దాంతో 5న ఈఎంఐ బౌన్స్ అయింది. బ్యాంకు 295, ఫైనాన్స్ వాళ్లు 590 వేశారు. అదే వారం నాన్నకి ఒంట్లో బాగోక టెస్టులకి 3,000 కావాల్సి వచ్చింది. లోన్ యాప్‌లో 7,000 పెడితే 5,950 చేతికిచ్చారు, 30 రోజులకి 7,490 కట్టాలన్నారు. అది కట్టడానికి ఇంకో యాప్‌లో తీసుకున్నాను. 7,600 వచ్చింది, వచ్చే నెల 5కి 9,700 కట్టాలి. నా 3,199 వెనక్కి వస్తుందా? గూగుల్‌లో ఆ యాప్ కస్టమర్ కేర్ నంబరు ఒకటి దొరికింది, చేయమంటారా? 50,000 పర్సనల్ లోన్ ఆఫర్ వచ్చింది. అది తీసుకుని అన్నీ ఒకేసారి క్లియర్ చేసేయనా? (పేరు వద్దన్నారు)

జవాబు: 50,000 లోన్ తీసుకోవద్దు. ఆ నంబరుకి ఫోన్ చేయొద్దు. మిగతాదంతా చదివేలోపు ఈ రెండింటిలో ఏదీ చేయకండి.

డేటింగ్ యాప్ వాడినందుకు మీరు సిగ్గుపడుతున్నట్టు ఉత్తరంలో కనిపిస్తోంది. పెళ్లి కాని మనిషి తోడు వెతుక్కోవడంలో తప్పేముంది? ఈ మొహమాటం వల్లే చాలామంది డబ్బు పోయినా ఎవరికీ చెప్పరు, ఎక్కడా అడగరు. ఓటీటీకైనా, జిమ్ యాప్‌కైనా, పిల్లల చదువు యాప్‌కైనా ఇదే జరుగుతుంది. అందుకే మీ ఉత్తరానికి ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు జరిగిందేమిటో చూద్దాం. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే బొమ్మ మాత్రమే పోతుంది. ఆ యాప్‌లోని మీ ఖాతా డిలీట్ చేసినా అంతే. డబ్బు కట్ చేసే ఒప్పందం మీకూ ప్లే స్టోర్‌కీ మధ్య ఉంది, అది అలాగే నడుస్తుంటుంది. మొదటిసారి పిన్ కొట్టినప్పుడే ప్రతి ఆరు నెలలకీ తీసుకోవచ్చని మీరు అనుమతిచ్చారు. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ఇలా పదేపదే జరిగే కోతల్లో 15,000 లోపు మొత్తానికి మళ్లీ పిన్ గానీ ఓటీపీ గానీ అడగరు. కాకపోతే కోతకి కనీసం 24 గంటల ముందు మీకు మెసేజ్ రావాలి. పోయిన నెల 1, 2 తేదీల మెసేజ్‌లు ఒకసారి వెతకండి. యాప్ పేరు కాకుండా గూగుల్ పేరు ఉండొచ్చు, అందుకే మీ కంట పడి ఉండదు. అసలు మెసేజే రాలేదని తేలితే బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఆర్‌బీఐలో బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు.

ఇక 1,499కి తీసుకున్నది 3,199 ఎందుకైందంటారా? మొదటిసారికి ఆఫర్ ధర, రెన్యూవల్‌కి అసలు ధర. కొనేటప్పుడు కింద చిన్న అక్షరాల్లో ఆ సంగతి ఉంటుంది.

ఇప్పుడు ఆపే పని చేయండి, ఈ రోజే. ప్లే స్టోర్ తెరిచి పైన కుడి పక్క మీ ఫొటో నొక్కితే పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్ అని వస్తుంది. అందులో సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి ఆ యాప్ దగ్గర క్యాన్సిల్ కొట్టండి. అక్కడ అది కనిపించకపోతే కంగారు పడొద్దు. మీకు రెండో జీమెయిల్ ఉండి ఉంటుంది, దానిలోకి మారి చూడండి. చాలామంది ఇక్కడే ఆగిపోయి ‘నాకేమీ లేవు’ అనుకుంటారు. ఐఫోన్ వాళ్లయితే సెట్టింగ్స్‌లో తమ పేరు నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ ఉంటాయి. యాప్ వాళ్ల వెబ్‌సైట్‌లో నేరుగా కార్డుతో కట్టి ఉంటే ఆ సైట్‌లోకే వెళ్లి ఆపాలి. ఆ తర్వాత మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి అక్కడున్న మ్యాండేట్‌ని, అంటే డబ్బు కోతకి మీరిచ్చిన అనుమతిని కూడా రద్దు చేయండి. ‘పాజ్’ అని ఇంకో బటన్ ఉంటుంది, అది రద్దు కాదు. పనిలో పనిగా ఆ జాబితాలో ఇంకా ఏమేం ఉన్నాయో చూడండి.

రీఫండ్ సంగతి. కొన్న 48 గంటల్లోపు అడిగితే గూగుల్ పరిశీలించి వెనక్కి ఇచ్చే అవకాశం ఉంటుంది. ఆ గడువు దాటితే యాప్ తయారుచేసినవాళ్లనే అడగాలంటుంది. యాపిల్‌లో కొన్నదైతే యాప్ వాళ్ల చేతిలో ఏమీ ఉండదు, యాపిల్‌నే ‘రిపోర్ట్ ఎ ప్రాబ్లమ్’ పేజీలో అడగాలి. మీకు నెల దాటింది కాబట్టి ఆశ తక్కువ. అయినా అడగండి. గూగుల్ నుంచి వచ్చిన రసీదు మెయిల్‌లో జీపీఏ అని మొదలయ్యే ఆర్డర్ నంబరు ఉంటుంది. ఆ నంబరు వేసి, ఏ తేదీన ఖాతా డిలీట్ చేశారో, ఆ తర్వాత ఒక్కసారి కూడా వాడలేదని రాసి, ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీలో ఇచ్చిన మెయిల్‌కే పంపండి. ‘ఇది నేను చేయలేదు, మోసం’ అని మాత్రం రాయకండి. పిన్ కొట్టింది మీరే, అబద్ధం మీ మీదికే తిరుగుతుంది.

‘మూడు పని దినాల్లో క్యాన్సిల్ చేస్తే మొత్తం డబ్బు వస్తుంది’ అని వీడియోల్లో చెబుతుంటారు. అది అమెరికాలో కొన్ని రాష్ట్రాల చట్టం, శ్రీకాకుళంలో కొన్నవాళ్లకి వర్తించదు. మన దగ్గర ఉన్నది వేరు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల మోసపు డిజైన్లని నిషేధిస్తూ మార్గదర్శకాలు తెచ్చింది. సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు అందులో ఒకటి. క్యాన్సిల్ బటన్ దాచిపెట్టడం, రద్దుని కావాలని తిప్పలుగా మార్చడం దాని కిందికి వస్తాయి. మీ యాప్ అలా చేసి ఉంటే స్క్రీన్‌షాట్లు తీసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. బటన్ ఉన్నచోటే ఉండి మీరు నొక్కకపోతే మాత్రం ఆ ఫిర్యాదు నిలబడటం కష్టం.

ఆ ‘కస్టమర్ కేర్’ నంబరు గురించి రెండు ముక్కలు. గూగుల్‌లో వెతికితే దొరికే ఇలాంటి నంబర్లలో దొంగలవి చాలా ఉంటాయి. ‘మీ రీఫండ్ రెడీగా ఉంది, ఈ యాప్ వేసుకోండి, స్క్రీన్ చూపించండి, పిన్ కొట్టండి’ అంటారు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే పిన్ కావాలి. ఇప్పటికే చేసి ఉంటే, డబ్బు పోయి ఉంటే, క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

రీఫండ్ మాట అయిపోయింది. ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నదానికి వస్తాను.

మీ లెక్క మీరే ఇంకోసారి చూడండి. బౌన్స్ చార్జీలు 885. మొదటి అప్పుకి అదనంగా కట్టింది 1,540. రెండోదానికి కట్టబోయేది 2,100. మొత్తం 4,525. వెనక్కి కావాలని అడుగుతున్న 3,199 కన్నా, చేతిలో డబ్బు లేనందుకు కట్టే జరిమానా ఎక్కువ. ఇంకో మాట. ఆ 3,199 పోకుండా ఉంటే ఏమయ్యేది? 4,600లో ఈఎంఐ 2,870 పోతే 1,730 మిగిలేది. నాన్నగారి టెస్టులకి 3,000 కావాలి. అంటే ఆ వారం మీరు ఎలాగూ అప్పు చేసేవారే. డేటింగ్ యాప్ ఆ అప్పుని పెద్దది చేసిందే తప్ప పుట్టించలేదు. అత్యవసర నిధి లేకపోవడం మీ అసలు సమస్య. నన్ను అడిగే కుర్రాళ్లలో ఎక్కువమందికి ఇదే సమస్య, ఎక్కువమంది దీన్ని సమస్యగా చూడరు కూడా.

ఆ అప్పు ఎలాంటిదో తెలుసా? 5,950 తీసుకుని నెలకి 7,490 కట్టారు. మన ఊళ్లలో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ‘అమ్మో’ అంటారు. ఇది నూటికి నెలకి దాదాపు 26 రూపాయలు! ఫోన్‌లో రెండు నిమిషాల్లో వచ్చేసింది కదా అని వడ్డీ లెక్క వేయకుండా తీసుకుంటున్నారు. ఊళ్లో వడ్డీ వ్యాపారి ఈ రేటు చెబితే మీరు అక్కడి నుంచి లేచి వచ్చేసేవారు. పైగా ఒక యాప్ అప్పు తీర్చడానికి ఇంకో యాప్. ఇప్పుడు తీర్చాల్సింది 9,700 అయితే 50,000 ఎందుకు? మిగిలిన 40,000 ఖాతాలో ఉంటే ధైర్యంగా ఉంటుందనేనా? అది వడ్డీ మీద తెచ్చుకున్న ధైర్యం. రెండు నెలల్లో ఖర్చైపోతుంది, ఈఎంఐ మాత్రం మిగులుతుంది. దయచేసి ఆ మెసేజ్ డిలీట్ చేయండి.

9,700 ఇలా తీర్చండి. కంపెనీలో జీతం అడ్వాన్స్ 5,000 అడగండి, రెండు నెలల్లో కోసుకోమనండి. జీతం, అడ్వాన్స్ కలిపి 27,500. అందులో 9,700 కట్టేసి, రూము, ఈఎంఐ, చీటీ తీసేస్తే 10,430 ఉంటుంది. ఇంటికి 5,000 పంపండి. మిగిలిన దాంతో ఆ నెల గట్టిగా పట్టుకుని గడపాలి. ఇంటికి 3,000 ఎందుకు తగ్గిందో నాన్నగారికి చెప్పండి. డేటింగ్ యాప్ మాట మీ సొంత విషయం, చెప్పక్కర్లేదు. అప్పు మాట మాత్రం దాచొద్దు. అడ్వాన్స్ ఇవ్వనంటే అమ్మగారి బంగారం మీద బ్యాంకులో ఆ 5,000 వరకే, అంతకి మించి వద్దు.

ఆ లోన్ యాప్ వాళ్లు రాత్రిపూట ఫోన్లు చేసినా, మీ కాంటాక్టుల్లోని వాళ్లకి చెబుతామని బెదిరించినా భయపడకండి. వసూలు కోసం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ చెప్పింది. అప్పులిచ్చే యాప్‌లు మీ కాంటాక్టుల జాబితా, ఫొటోలు చూడకూడదన్నది కూడా నిబంధనే. బెదిరింపుల రికార్డింగులు, స్క్రీన్‌షాట్లు దాచుకోండి.

ఆ తర్వాత నెల నుంచి అత్యవసర నిధి మొదలవ్వాలి. నెలకి 1,500, జీతం పడిన రోజే. అడ్వాన్స్ తీరేదాకా 500 అయినా ఫర్వాలేదు, మొదలవ్వడం ముఖ్యం. అది జీతం ఖాతాలో ఉండకూడదు. మీ జీతం ఖాతాకి ఈఎంఐ, సబ్‌స్క్రిప్షన్, లోన్ యాప్ అన్నీ తగిలించి ఉన్నాయి. అందులో ఎంత ఉంచినా అది గట్టు తెగిన చెరువులో నీరే. సోంపేట పోస్టాఫీసులో నాన్నగారితో కలిపి జాయింటు సేవింగ్స్ ఖాతా తెరవండి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా. 500తో తెరవొచ్చు. దాన్ని ఏ యూపీఐ యాప్‌కీ జోడించొద్దు, ఏ ఆటోపేకీ ఇవ్వొద్దు. మీరు పైడిభీమవరంలో షిఫ్టులో ఉన్నప్పుడు ఇంటి దగ్గర అవసరం వస్తే ఆయనే వెళ్లి తీసుకుంటారు, మీరు ఫోన్ పట్టుకుని లోన్ యాప్ వెతకాల్సిన పని ఉండదు.

మొదటి మజిలీ 15,000. దానికి సుమారు ఏడాది పడుతుంది, పట్టనివ్వండి. తర్వాత మూడు నెలల ఖర్చు. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మీ ఉద్దానం ప్రాంతం వాళ్లకి దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కిడ్నీ పరీక్షలో చూసే క్రియాటినిన్ అనే మాట వినని ఇల్లు మీ వైపు అరుదు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది. కానీ అక్కడికి వెళ్లిరావడానికి ఆటో, వెంట వచ్చిన మనిషి తిండి, పోయిన కూలి, వీటికి చేతి డబ్బే కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి కొబ్బరి తోటలు, జీడి తోటలు పడిపోయి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు ఎవరి దగ్గర ఎంత నోటు ఉందో అంతే డబ్బు. అందుకే 15,000లో 3,000 ఇంట్లో నోట్లుగా ఉంచండి.

సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే డబ్బు), టర్మ్ పాలసీ (జీవిత బీమా) గురించి కూడా ఆలోచించొచ్చు, ఆ 15,000 నిండాక. చీటీ మానొద్దు. కానీ చీటీని అత్యవసర నిధి అనుకోవద్దు, మీకు కావాల్సిన రోజున పాట మీకే వస్తుందన్న నమ్మకం లేదు.

9,700 కట్టిన రోజున ఆ లోన్ యాప్ నుంచి బాకీ లేదన్న పత్రం తీసుకుని దాచండి. మొదటి యాప్ నుంచి కూడా అడిగి తీసుకోండి. రెండు నెలలాగి మీ అప్పుల చరిత్ర చూపించే క్రెడిట్ రిపోర్టు తెప్పించండి, ఏడాదికి ఒకసారి ప్రతి క్రెడిట్ బ్యూరో ఉచితంగా ఇవ్వాలి. రెండు అప్పులూ తీరిపోయినట్టు చూపించకపోతే ఆ పత్రాలు జతచేసి బ్యూరోకి రాయండి.