పాస్ రషర్‌ని అంచనా వేయబోయే మేనల్లుడికి

చిరంజీవి కార్తీక్‌కి,

మామయ్య ఆశీస్సులు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు కాలేజీ ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌కి రాబోయే పాస్ రషర్ల మీద, అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లే డిఫెన్స్ ఆటగాళ్ల మీద, నువ్వు రాసి పంపిన రిపోర్టులు చదివాను. చాలా శ్రద్ధ పెట్టావు. అయితే ప్రతి రిపోర్టూ సాక్‌ల లెక్కతోనే మొదలైంది. ఇక్కడ టెక్సస్‌లో హైస్కూల్లో లెక్కలు చెబుతూ, సాయంత్రాలు డిఫెన్సివ్ లైన్ పిల్లల చేత ప్రాక్టీస్ చేయించినవాడిగా చెబుతున్నాను, ఆ అంకెని రిపోర్టు చివరికి తోసెయ్.

బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొడితే సాక్. కానీ అది ఎలా వచ్చిందో అంకె చెప్పదు. బంతి అందుకోవాల్సిన రిసీవర్లందరినీ మనవాళ్లు కట్టడి చేసి, క్వార్టర్‌బ్యాక్ ఏమీ తోచక నిలబడిపోయినా సాక్ వస్తుంది. అడ్డుకోవాల్సినవాడు ఆదమరిచినా వస్తుంది. పక్కవాడు తరిమితే క్వార్టర్‌బ్యాక్ వీడి చేతికి చిక్కినా వీడి ఖాతాలోనే పడుతుంది. జార్జియా యూనివర్సిటీ కుర్రాడు జార్విస్ జోన్స్ 2012లో 14.5 సాక్‌లతో దేశంలోనే ముందున్నాడు. స్టీలర్స్ జట్టు 2013 డ్రాఫ్ట్‌లో 17వ పిక్ (ఎంపిక వంతు) పెట్టి తీసుకుంటే నాలుగు సీజన్లలో కలిపి వచ్చినవి 6. డానియెల్ హంటర్‌కి ఎల్‌ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) చివరి సీజన్ మొత్తానికి 1.5 సాక్‌లే. వైకింగ్స్ జట్టువాళ్లు 2015లో మూడో రౌండ్లో తీసుకున్నారు. 2018లో 14.5, 2019లో మళ్లీ 14.5 సాధించాడు.

అలాగని ఒళ్లు చూసి మురిసిపోవద్దు. 2008లో జెట్స్ జట్టు 6వ పిక్‌తో తీసుకున్న వెర్నాన్ గోల్‌స్టన్‌కి బలం, వేగం రెండూ ఉన్నాయి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అతని సాక్‌లు సున్నా.

మరి ఏం చూడాలి? ఫిల్మ్ చూడు. టీవీ ప్రసారం చాలదు, కెమెరా బంతి వెంట పోతుంది. ఎండ్ జోన్ వైపు నుంచి తీసిన వీడియో సంపాదించు, చేతులు అందులోనే కనిపిస్తాయి. మంచి ఆటలు ఏరుకోకుండా, ఒక ఆట తీసుకుని అతను రష్‌కి వెళ్లిన ప్రతి డౌనూ (బంతితో ముందుకెళ్లే ఒక్కో ప్రయత్నం ఒక డౌన్) చూడు, ఏమీ జరగనివి కూడా.

మొదట బంతి కదలగానే అతని కాలు ఎంత త్వరగా కదిలిందో గమనించు. దీనికి బయట ఊళ్లలో ఆడిన మ్యాచ్‌లు తీసుకో. సొంత స్టేడియంలో జనం గోలకి ఎదుటి లైన్‌వాళ్లకి క్వార్టర్‌బ్యాక్ కేక వినపడదు, వాళ్లు ఆలస్యంగా లేస్తారు, అప్పుడు మనవాడు ఉన్నదానికన్నా చురుగ్గా కనిపిస్తాడు.

తర్వాత, మొదటి ఎత్తు పారనప్పుడు ఏం చేస్తున్నాడు? నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే. కాలేజీలో చాలామంది ఒక్క ఎత్తుతోనే బతికేస్తారు, ఎందుకంటే ఎదురుగా ఉన్న ట్యాకిల్, అంటే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే లైన్ చివరి ఆటగాడు, బలహీనుడు. ఎన్‌ఎఫ్‌ఎల్ ట్యాకిల్ ఆ ఎత్తుని ఒక్క వారంలో చదివేస్తాడు. పాతతరం ఎన్‌ఎఫ్‌ఎల్ రషర్ డ్వైట్ ఫ్రీనీ ఆట చూశావా? ఆరడుగుల పైన ఒక్క అంగుళం మనిషి. బయటి వైపు నుంచి దూసుకొస్తాడనే భయంతో ట్యాకిల్ ముందే అటు జరిగిపోయేవాడు. సరిగ్గా అప్పుడే గిర్రున తిరిగి లోపలి నుంచి దూరేవాడు. ఆ స్పిన్ పనిచేసింది ముందున్న వేగం వల్లే. నువ్వు రాసేటప్పుడు కూడా ‘స్పిన్ మూవ్ ఉంది’ అని వదిలెయ్యకు, దేనికి జవాబుగా వాడుతున్నాడో రాయి. ఒకడు మూడో క్వార్టర్లో కూడా అదే భుజాన్ని అలాగే గుద్దుతూ అతుక్కుపోతుంటే అదీ రాయి.

డ్రాఫ్ట్‌కి ముందు ఇండియానాపొలిస్‌లో జరిగే కంబైన్ పరీక్షల అంకెల్లో 40 గజాల పరుగు కన్నా అందులోని మొదటి 10 గజాలు, మూడు కోన్‌ల చుట్టూ మలుపులు తిరిగే త్రీ-కోన్ డ్రిల్ నాకు ఎక్కువ పనికొస్తాయి. క్వార్టర్‌బ్యాక్ కోసం ఎవరూ 40 గజాలు తిన్నగా పరిగెత్తరు, ట్యాకిల్ని చుట్టుకుని ఒంగి తిరగాలి. చేతుల పొడవు 33 అంగుళాలు లేకపోతే కొందరు ఆ కుర్రాడి పేరే జాబితాలోంచి కొట్టేస్తారు. ఏడన్ హచిన్సన్ చేతులు 32 పైన కాస్త మాత్రమే, 2022లో రెండో పిక్‌గా వెళ్లి చక్కగా ఆడుతున్నాడు. కాబట్టి పొడవు తక్కువైతే ఆ లోటుని చేతుల వేగంతో పూడుస్తున్నాడా అని చూడు.

చిన్న కాలేజీలని చిన్నచూపు చూడొద్దు. మ్యాక్స్ క్రాస్‌బీ ఈస్టర్న్ మిషిగన్ నుంచి 2019లో 106వ పిక్‌గా వచ్చి పేరు తెచ్చుకున్నాడు. అలాంటివాళ్లు పెద్ద కాలేజీలతో ఆడిన మ్యాచ్‌లే ముందు చూడాలి. డ్రాఫ్ట్‌కి రాబోయేవాళ్ల కోసం మొబీల్‌లో జరిగే సీనియర్ బౌల్ ప్రాక్టీసుల్లో ఒకరికొకరు తలపడే డ్రిల్ బాగుంటుంది కానీ అక్కడ ట్యాకిల్‌కి పక్కవాడి సాయం ఉండదు, ఎదుటివాళ్లు బంతి విసరకుండా పట్టుకుని పరిగెడతారన్న (రన్) అనుమానం రషర్‌కి ఉండదు. రషర్ గెలవడం అక్కడ సులువు.

వయసు కూడా పక్కనే రాయి. ఇరవై ఏళ్ల వాడూ ఇరవై నాలుగేళ్ల వాడూ ఒకేలా ఆడితే నేను చిన్నవాణ్ణి తీసుకుంటాను.

నీ జాబితాలో మొదట పెట్టిన కుర్రాడి రిపోర్టు మళ్లీ రాసి పంపు. ఈ సీజన్లో అతను ఎదుర్కొన్న అందరికన్నా గట్టి ట్యాకిల్ ఎవరో చూసుకుని, బంతి ఎక్కువగా విసిరేది మూడో డౌన్‌లోనే కాబట్టి ఆ ఆటలోని మూడో డౌన్లతో మొదలుపెట్టు.

ప్రేమతో,
మామయ్య