వారానికొక స్టెమ్ ఛాలెంజ్: ఒక్కో సవాలుకు రెండు వారాలు ఇవ్వండి

ఎనిమిదో తరగతికి వారం వారం స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కలిపిన) ఛాలెంజ్ పెట్టాలని ఉంది, ల్యాబ్ లేదు, వారానికి ఒక్క పీరియడే దొరుకుతుంది, ఎలా మొదలుపెట్టాలి అని అడిగారు. అనంతపురం జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తూ కొన్నేళ్లుగా నేను ఈ పని చేస్తున్నాను. ల్యాబ్ లేకపోవడం పెద్ద అడ్డంకి కాదు. ప్రతి వారం కొత్త సవాలు ఇవ్వాలన్న తొందరే పిల్లల ఆలోచనను తెంచేస్తుంది. పీరియడ్ ప్రతి వారం ఉండాలి గానీ, ఒక్కో సవాలు రెండు వారాలు సాగాలి. మొదటి వారం తయారుచేసి కొలవాలి, రెండో వారం మార్చి మళ్లీ కొలవాలి.

మా దగ్గర బాగా పండిన సవాలు ఒకటి చెబుతాను. అర లీటరు నీళ్ల సీసాను మధ్యాహ్నపు వేడిలో వీలైనంత చల్లగా ఉంచాలి. గోనెసంచి ముక్కలు, శనగకాయల పొట్టు, ఇసుక, పాత గుడ్డలు వాడుకోవచ్చు. పోల్చి చూడడానికి ఏమీ చుట్టని సీసా ఒకటి పక్కన తప్పక పెట్టాలి. ఒక జట్టు తడిగుడ్డ చుట్టి, తడి ఆరిపోకూడదని దానిపై పాలిథిన్ కవరు బిగించి కట్టింది. గోనె తడిపి గాలి ఆడే వరండాలో పెట్టిన జట్టు సీసా అంతకంటే ఎక్కువ చల్లబడింది. తడి ఆరకుండా కాపాడితే చల్లదనం ఎందుకు రాలేదన్న వాదన ఇంటర్వెల్ గంట కొట్టాక కూడా ఆగలేదు. అప్పుడు బోర్డు మీద లెక్క వేశాం. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,400 జౌళ్ల ఉష్ణం కావాలి, తడి ఆరుతున్నప్పుడు ఆ ఉష్ణంలో కొంత సీసా నుంచే పోతుంది, కవరు కడితే తడి ఆరదు; అర లీటరు నీటిని ఒక డిగ్రీ చల్లార్చడానికి తీయవలసింది సుమారు 2,100 జౌళ్లే. మరుసటి వారం ఆ జట్టు కవరును తనంతట తానే విప్పేసింది.

జట్టుకు నలుగురు చాలు. పనులు మాత్రం మీరే మార్చి మార్చి అప్పగించండి, లేకపోతే కత్తెర, థర్మామీటరు మగపిల్లల చేతుల్లోనే ఉండిపోతాయి, నోట్సు రాయడం ఆడపిల్లల వంతవుతుంది. మార్కులు అందరికంటే చల్లటి సీసాకు కాకుండా, రెండో వారం చేసిన మార్పుకు, దానికి చెప్పిన కారణానికి వేయండి.

జూన్‌లో బడి తెరవగానే మొదలుపెట్టేటట్లయితే సీసాతో వర్షమాపకం చేయించండి. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీరు కాబట్టి, బడి పైకప్పు వైశాల్యం కొలిచి, ఒక్క వానకు ఎన్ని లీటర్లు పట్టుకోవచ్చో పిల్లలే లెక్కగట్టగలరు.