చల్లారడానికి ఎంతసేపు పట్టింది?

తమ్ముడూ,

యురేనియం మిశ్రమ లోహాల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. కష్టపడ్డావని తెలుస్తూనే ఉంది. కానీ మొదటి పేజీ నిండా నిర్వచనాలే. లోహం కొలిమిలోకి వెళ్ళేసరికి చదివేవాడు లేచి వెళ్ళిపోతాడు.

ఆల్ఫా, బీటా, గామా అని రాసి ఊరుకున్నావు. యురేనియం పక్కన ఆ మాటలు కనబడితే ఎవరికైనా కిరణాలే గుర్తొస్తాయి. ఇక్కడివి స్ఫటిక రూపాల పేర్లని అక్కడే ఒక్క ముక్క చెప్పెయ్.

668 డిగ్రీల సెల్సియస్ దాకా ఆల్ఫా, 775 దాకా బీటా, ఆపైన 1132 దగ్గర కరిగేదాకా గామా. పట్టిక సరిగ్గానే ఉంది, కథ మాత్రం అందులో లేదు. ఆల్ఫాలో పరమాణువులు ముడతలు పడ్డ రేకుల్లా పేర్చి ఉంటాయి. వేడి చేస్తే రెండు దిక్కుల్లో సాగి, మూడో దిక్కులో కాస్త ముడుచుకుంటాయి! లోపలి రేణువులన్నీ, అంటే లోహంలోని చిన్న చిన్న స్ఫటికాలన్నీ, ఒకే వైపు తిరిగి ఉన్న కడ్డీని పదే పదే వేడి చేసి చల్లారిస్తే అది పొడుగు పెరిగిపోతుంది. అందుకే పాత రియాక్టర్లలో వాడిన యురేనియం కడ్డీలను బీటా దాకా వేడి చేసి గబుక్కున చల్లార్చేవాళ్ళు. రేణువులు సన్నబడి తలో దిక్కుకీ తిరుగుతాయి. నేనైతే వ్యాసం ఇక్కడే మొదలుపెడతాను.

గామాలో ఈ పేచీ లేదు. ఘనం మూలల్లో ఎనిమిది పరమాణువులు, నడిమధ్య ఒకటి, ఎటు చూసినా ఒకే తీరు. అయితే శుద్ధ యురేనియం చల్లారితే ఆ రూపం నిలవదు. బరువులో పదో వంతు మాలిబ్డినం అనే మరో లోహం కలిపి త్వరగా చల్లారిస్తే నిలుస్తుంది. దీన్ని నువ్వు ‘పరమాణువులు గడ్డకట్టాయి’ అన్నావు. కొట్టెయ్. లోహం అప్పటికే గట్టిగా ఉంది కదా! సర్దుకునే తీరిక వాటికి దొరకలేదు, అంతే.

కొత్తలో నేనూ ఇలాగే, ఫలానా డిగ్రీలకు వేడి చేశారు కాబట్టి లోహం గట్టిపడిందని రాశాను. రిటైరైన లోహశాస్త్రవేత్త ఒకాయన కార్డు ముక్క రాశారు: ‘వేడి సరే, చల్లారింది ఎంతసేపట్లో?’ సిగ్గేసింది.

నీ వ్యాసంలోనూ ఆ ‘ఎంతసేపు’ లేదు. అదే మాలిబ్డినం కలిపిన యురేనియాన్ని 500 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచితే గామా విడిపోతుంది, కొంత ఆల్ఫాగా, కొంత యురేనియం-మాలిబ్డినం సమ్మేళనంగా. అంతకన్నా బాగా ఎక్కువ వేడిలో ఉంచితే మారాల్సిన అవసరమే లేదు. బాగా తక్కువ వేడిలో ఉంచితే అవసరం ఉన్నా కదిలే ఓపిక లేదు. మధ్యలోనే గొడవ.

అలా విడిపోయిన లోహాన్ని రియాక్టర్లో పెడితే, అణువిచ్ఛిత్తి తాకిడికి పరమాణువులు కలగలిసి మళ్ళీ గామాగా మారగలవు. ఇంత మంచి ముక్కని చివరి పేరాలో అరవాక్యం చేసి పడేశావేం? దానికి రెండు పేరాలివ్వు. చోటు కావాలంటే ఆ నిర్వచనాల పేజీ ఉందిగా.

అన్నయ్య