మోచేయి నొప్పి: కట్టెలు చీల్చడానికి తేలిక గొడ్డలి మేలా, బరువైన మాల్ మేలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 47. అమెరికాలోని మిషిగన్‌లో ఉంటున్నాం. ఇంట్లో ఉడ్ స్టవ్ ఉంది. పెరట్లో చచ్చిపోయిన యాష్ చెట్లు కొట్టించి దుంగలు కోయించి పెట్టుకున్నాను. వాటిలో కొన్ని ఎల్మ్ దుంగలు కూడా ఉన్నాయి. చీల్చడానికి 8 పౌండ్ల స్ప్లిట్టింగ్ మాల్ (వెనక సమ్మెటలా ఉండే బరువైన గొడ్డలి) కొన్నాను. శని, ఆదివారాల్లో మూడేసి గంటలు కొడుతున్నాను. రెండు నెలలుగా కుడి మోచేతి బయటి వైపు నొప్పి. పాల క్యాన్ ఎత్తాలన్నా కష్టంగా ఉంది. ఐబుప్రొఫెన్ వేసుకుంటే కాస్త తగ్గుతోంది. బీపీకి టెల్మిసార్టాన్ 40 ఎంజీ వాడుతున్నాను. తేలికైన స్ప్లిట్టింగ్ యాక్స్ కొనమని ఒకరంటారు. బరువు తగ్గితే దెబ్బలు ఎక్కువ వేయాల్సి వస్తుంది, మాలే ఉంచుకోమని ఇంకొకరంటారు. ఏది మంచిది? మోచేతికి ఇంజెక్షన్ చేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: మీకు సరిపోయేది తేలిక గొడ్డలే. అయితే దాన్ని చేతిలోకి తీసుకోవాల్సింది ఆరు వారాల తర్వాత. అప్పటిదాకా పొయ్యిలోకి కట్టెలెలా అనుకుంటున్నారేమో. పచ్చి దుంగను చీల్చాక తేమ 20 శాతం లోపుకు దిగాలంటే యాష్‌కి కనీసం ఆరు నెలలు పడుతుంది, ఓక్‌కి రెండేళ్లు కూడా పట్టొచ్చు. నిలువునా ఎండిన చెట్టువైతే త్వరగా ఆరతాయి. మిగతావన్నీ వచ్చే శీతాకాలానికే. కాబట్టి తొందరేమీ లేదు. మరీ అవసరమైతే రెంటల్ స్టోర్ నుంచి హైడ్రాలిక్ స్ప్లిట్టర్ (దుంగల్ని చీల్చే యంత్రం) ఒక రోజుకు తెచ్చుకోండి. దుంగ పెట్టేదీ, లీవర్ (నడిపే కడ్డీ) నొక్కేదీ ఒకే మనిషి అయ్యుండాలి. ఒకరు దుంగ సర్దుతుండగా ఇంకొకరు లీవర్ నొక్కడం వల్లే ఆ యంత్రం మీద వేళ్లు పోతుంటాయి.

ముందు నొప్పి సంగతి చూద్దాం. మీరు చెప్పిన తీరు టెన్నిస్ ఎల్బోలా ఉంది. మణికట్టును పైకి ఎత్తే కండరాల్లో చాలావరకు మోచేతి బయటి ఎముకకు ఒకే స్నాయువుతో (కండను ఎముకకు కలిపే తాడు లాంటి భాగంతో) అతుక్కుని ఉంటాయి. టెన్నిస్ ఎల్బోలో దెబ్బతినేది ఆ స్నాయువే. మనం దేన్నైనా గట్టిగా పట్టుకున్నప్పుడు మణికట్టు వంగిపోకుండా ఆపేది కూడా ఈ కండరాలే. అందుకే టెన్నిస్ రాకెట్ ముట్టని వడ్రంగులకూ, తాపీ పనివాళ్లకూ, ఇంట్లో పిండి పిసికేవాళ్లకూ ఇది వస్తుంది. ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. మోచేయి చాచి, అరచేయి కిందికి పెట్టి, తేలికపాటి కుర్చీని వీపు ఆనించే భాగం దగ్గర పట్టుకుని ఎత్తండి. మోచేతి బయటి ఎముక దగ్గరే నొప్పి పుడితే దాదాపు ఇదే. మెడ తిప్పినప్పుడు నొప్పి చేతిలోకి దిగుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, నొప్పి లేకుండానే వేళ్లు పైకి లేవకపోతున్నా అది మెడ సమస్యో, నరం సమస్యో కావచ్చు. అప్పుడు ఈ సలహా పక్కన పెట్టి నేరుగా డాక్టర్‌కి చూపించుకోండి.

ఇక పనిముట్టు. 8 పౌండ్లంటే తల ఒక్కటే 3.6 కిలోలు. స్ప్లిట్టింగ్ యాక్స్ తల సాధారణంగా 1.6 నుంచి 2 కిలోల మధ్య ఉంటుంది. దెబ్బలో ఉండే శక్తి బరువుతో పాటు వేగం మీద కూడా ఆధారపడుతుంది. బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపవుతుంది, వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. లెక్క వేసి చూడండి. 3.6 కిలోల తల సెకనుకు 10 మీటర్ల వేగంతో దిగితే శక్తి 180 జౌళ్లు. 2 కిలోల తల 13 మీటర్ల వేగంతో దిగితే 169. పెద్ద తేడా ఏమీ లేదు. తేడా అంతా ఎత్తడంలో ఉంది. రెండొందల దెబ్బలు వేస్తే మాల్‌తో మీరు భుజాల మీదికి ఎత్తిన బరువు మొత్తం 720 కిలోలు, గొడ్డలితో 400. పైగా అలసిపోయాక మాల్‌ని వేగంగా దించలేం, దాని బరువుకు అది పడుతుంది. దుంగ చీలదు. మళ్లీ ఎత్తాలి. మోచేయి, భుజం పాడయ్యేది ఈ ఆఖరి అరగంటలోనే.

మీ రెండో మిత్రుడి మాట మొత్తంగా కొట్టిపారేయలేం. మాల్ తల మందంగా, వెడల్పాటి కోణంతో ఉంటుంది. చెక్కలో ఇరుక్కోవడం తక్కువ. గొడ్డలి వాలు సన్నం. పచ్చి దుంగలో, పీచు అల్లుకున్న చెక్కలో దిగబడి కదలదు. అప్పుడు కామను పైకీ కిందికీ ఊపి లాగుతాం చూడండి, టెన్నిస్ ఎల్బో ఉన్నవాళ్లకు అసలు హాని అక్కడే. పిడికిలి గట్టిగా బిగిసి ఉంటుంది, మణికట్టు మెలిక పడుతుంది, లాగుడంతా దెబ్బతిన్న ఆ స్నాయువు మీదే పడుతుంది. కాబట్టి మీ దుంగల్ని బట్టి నిర్ణయం మారుతుంది. యాష్ నార నిటారుగా ఉంటుంది, తేలిక గొడ్డలికి ఒకటి రెండు దెబ్బల్లో విడిపోతుంది. గడ్డకట్టే చలిలో అయితే ఇంకా సులువు. (మీ రాష్ట్రంలో 2002లో బయటపడ్డ ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు చంపిన చెట్లే మీ పెరట్లోవి కూడా అయ్యుంటాయి. ఇంకా నిలబడి ఉన్నవి ఉంటే మీరు మాత్రం నరకొద్దు. ఎండిన యాష్ కొమ్మలు పెళుసు, నెత్తి మీద విరిగి పడతాయి.) ఎల్మ్ వేరు. దాని పీచు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటుంది. గొడ్డలి ఇరుక్కుంటుంది, మాల్ ఎగిరి వెనక్కి తంతుంది. ఎల్మ్ దుంగల్ని చేత్తో చీల్చే ఆలోచనే మానుకోండి, వాటిని స్ప్లిట్టర్‌కి వదిలేయండి.

కొనేటప్పుడు తల 2 కిలోలకు మించకుండా, కామ 36 అంగుళాలు, అంటే సుమారు 90 సెంటీమీటర్లు ఉండేది చూడండి. బరువు తగ్గింది కదా అని పొట్టి కామ కొనొద్దు. పొడవు కామతో గురి తప్పితే దెబ్బ కింది మొద్దులోనో నేలలోనో దిగుతుంది. పొట్టి కామతో తప్పితే అదే ఊపులో మోకాలి కింది ఎముక మీదికి వస్తుంది. హికరీ అనే గట్టి చెక్క కామ గానీ అదురును మింగే మిశ్రమ పదార్థపు కామ గానీ, ఏదైనా ఫర్వాలేదు. పట్టుకున్నప్పుడు మీ బొటనవేలు చూపుడు వేలి మీదికి వచ్చి ఆనాలి. అంతకంటే లావైతే పట్టు బిగించాల్సి వస్తుంది. మందపాటి చలి గ్లవ్స్‌దీ ఇదే ఇబ్బంది, వాటితో పట్టు బలం ఎక్కువ కావాలి. పల్చటి తోలు గ్లవ్స్ వేసుకోండి. మాలే కావాలనుకుంటే 6 పౌండ్లది చాలు. మీ 8 పౌండ్లది అమ్మేయండి.

కొట్టే తీరు కూడా కొంత మార్చుకోవాలి. కింది మొద్దు ఎత్తు 30 నుంచి 40 సెంటీమీటర్లు ఉంటే చాలు. దుంగను నేల మీదే పెట్టి కొడితే నడుం ఎక్కువ వంగుతుంది. ఎత్తేటప్పుడు ఒక చేయి తల దగ్గర, ఒకటి కామ చివర ఉండాలి. దించేటప్పుడు పై చేయి జారుతూ కింది చేతిని చేరాలి. దెబ్బ తగిలే క్షణంలో పట్టు కాస్త వదులుగా ఉంటే అదురు మోచేతి దాకా రాదు. గొడ్డలిని వీపు వెనక్కి వేలాడేసి ఊపొద్దు, తల మీదిదాకా ఎత్తితే చాలు. దిగుతున్నప్పుడు మోకాళ్లు వంచండి, నడుం తిప్పొద్దు. దుంగ పైముఖం మీద మధ్య నుంచి అంచుకు పోయే బీటలు కనిపిస్తాయి, ఆ బీట వెంబడే కొట్టండి. పెద్ద దుంగైతే నడిమధ్య కాకుండా అంచుల నుంచి పలకలుగా తీసుకుంటూ రండి. ముడి ఉన్న వైపు కిందికి పెట్టండి. పాత కారు టైరొకటి మొద్దు మీద బిగించి దుంగను అందులో నిలబెడితే చీలికలు చెదిరిపోవు. ప్రతిసారీ వంగి ఏరుకోవాల్సిన పని ఉండదు. ఈ ఒక్క టైరు మీ నడుముకు చేసే మేలు ఏ బెల్టూ చేయదు. నిద్ర లేచిన మొదటి గంటలో కట్టెలు కొట్టొద్దు. రాత్రంతా పడుకున్నాక వెన్నెముక డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, అప్పుడు వంగితే వాటి మీద ఒత్తిడి మామూలు కంటే ఎక్కువ.

ఒక ప్రమాదం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. గొడ్డలి ఇరుక్కుంటే దాని వెనక భాగం మీద సమ్మెటతో కొట్టడం చాలామంది చేసే పని. స్ప్లిట్టింగ్ యాక్స్ వెనక భాగం ఇనుప దెబ్బలకు తయారైంది కాదు. దాంతో ఇనుప చీలను (దుంగను విడదీయడానికి దిగగొట్టే వెడ్జ్‌ను) కొట్టడమూ తప్పే. మాల్ వెనక భాగం చీలల్ని కొట్టడానికి పనికొస్తుంది. చీల తల పుట్టగొడుగులా విచ్చుకుంటే ఆ అంచును గ్రైండర్‌తో తీసేయాలి, లేదంటే అక్కడి నుంచి ఇనుప తునక తుపాకీ గుండులా ఎగిరి కంట్లోకి దూసుకుపోతుంది. ఒక్కోసారి నొప్పి కూడా పెద్దగా ఉండదు, చూపు మసకబారుతుంది అంతే. అలా జరిగితే నలపొద్దు, కడగొద్దు, పైకి కనిపించినా లాగొద్దు. కంటిని నొక్కకుండా కాగితం కప్పు ఒకటి అడ్డం పెట్టి ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇనుము అని ముందే చెప్పండి, సీటీ తీసి చూడకుండా ఎంఆర్‌ఐ గదిలోకి పంపకూడదు. జడ్87+ (Z87+, అమెరికా భద్రతా ప్రమాణం) అని ముద్ర ఉన్న పాలికార్బొనేట్ కళ్లద్దాలు పెట్టుకుంటే ఇదంతా తప్పుతుంది. మామూలు పవర్ కళ్లద్దాలు చాలవు. కాలి వేళ్ల దగ్గర ఉక్కు తొడుగున్న బూట్లు, పదేళ్లలోపు వేయించుకున్న టెటనస్ డోసు కూడా ఉండాలి. మట్టి అంటిన లోతు గాయమైతే ఐదేళ్లు దాటినా మళ్లీ వేస్తారు.

మీరు అడగకపోయినా గుండె గురించి చెప్పక తప్పదు. 47 ఏళ్లు, బీపీ, వారమంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగమైతే, శనివారం చలిలో ఒక్కసారిగా చేసే ఈ పని చిన్నది కాదు. గట్టిగా కట్టెలు కొడుతున్నప్పుడు శరీరం విశ్రాంతిలో వాడే దానికి ఆరింతల శక్తి వాడుతుంది. చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, చేతులు పైకెత్తి చేసే పనిలో బీపీ ఇంకా పెరుగుతుంది. మన దేశపు మూలాలున్నవాళ్లలో గుండె జబ్బు కొన్నేళ్లు ముందే రావడం తెలిసిందే. రెండంతస్తులు ఆగకుండా ఎక్కితే ఛాతీ పట్టేసినట్టు అనిపిస్తుంటే ముందు గుండె పరీక్షలు చేయించుకోండి, గొడ్డలి తర్వాత. పని మధ్యలో ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లటి చెమట వస్తే ఇంట్లోకి నడిచి వెళ్లి పడుకుందాం అనుకోవద్దు. కూర్చుని 911కి ఫోన్ చేయండి.

మందుల విషయం. ఐబుప్రొఫెన్ ఆపేయండి. టెల్మిసార్టాన్ వాడేవాళ్లలో అది బీపీ మందు పనిని తగ్గిస్తుంది, మూత్రపిండాల మీద భారం పెంచుతుంది. చెమట పట్టి నీళ్లు తక్కువ తాగిన రోజున ఇంకా ఎక్కువ. తప్పనిసరైతే పారాసెటమాల్ (మీ దగ్గర టైలెనాల్) 500 ఎంజీ మాత్ర ఒకటో రెండో వేసుకోండి, రోజు మొత్తంలో 3 గ్రాములు దాటొద్దు, లివర్ సమస్య ఉంటే అదీ అడక్కుండా వద్దు. పైపూతకు 1 శాతం డైక్లోఫెనాక్ జెల్ రెండు గ్రాములు చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు రాసుకోవచ్చు. రెండు వారాలకు మించి రాయాల్సి వస్తే మీ డాక్టర్‌కి చెప్పండి.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ నేను సూచించను. వేయించుకున్నాక నాలుగు నుంచి ఆరు వారాలు చాలా హాయిగా ఉంటుంది. ఏడాది తిరిగేసరికి మాత్రం ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్ల పరిస్థితి వ్యాయామం చేసినవాళ్లకంటే, ఏమీ చేయకుండా ఊరుకున్నవాళ్లకంటే కూడా వెనకబడి ఉంటోందని అధ్యయనాలు తేల్చాయి. నొప్పి పోయిందని ఆ ఆరు వారాల్లోనే మళ్లీ మాల్ ఎత్తితే స్నాయువు చిరిగే ప్రమాదమూ ఉంది.

పనిచేసేది వ్యాయామమే. మొదటి రెండు వారాలు ముంజేయిని బల్ల మీద ఆనించి, అరచేయి కిందికి, పిడికిలిలో అర కిలో బరువు పట్టుకుని మణికట్టును తిన్నగా 30 నుంచి 45 సెకన్లు కదపకుండా ఉంచండి. రోజుకు ఐదు సార్లు. మూడో వారం నుంచి ముంజేయి బల్ల మీదే ఉంచి మణికట్టును అంచు బయటికి పెట్టండి. ఎడమ చేత్తో సాయం పట్టి బరువును పైకి ఎత్తి, కుడి చేత్తో ఒక్కదాంతోనే నాలుగైదు సెకన్లు తీసుకుంటూ నెమ్మదిగా దించండి. 15 చొప్పున మూడు విడతలు. పదికి మూడు నాలుగు పాళ్ల నొప్పి ఉన్నా ఫర్వాలేదు, అంతకు మించితే బరువు తగ్గించండి. సులువనిపిస్తే ఒక కిలోకి వెళ్లండి. మొత్తం మూడు నెలలు మానకుండా చేయాలి. ఎల్బో స్ట్రాప్ వాడితే నొప్పి ఉన్న ఎముక మీద కాకుండా దానికి రెండు వేళ్లు కింద, ముంజేతి కండ మీద కట్టుకోండి. పని చేసేటప్పుడే కట్టుకోవాలి, నిద్రలో తీసేయాలి.

ఏడో వారంలో కుర్చీ ఎత్తినప్పుడు నొప్పి లేకుంటే కొత్త గొడ్డలి పట్టుకోండి. యాష్ దుంగలే, అదీ 15 నిమిషాలు, రోజు విడిచి రోజు. వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ పోవచ్చు. అరగంటకు చేరాక మధ్యలో పది నిమిషాలు ఆగి చీలికలు పేర్చుకోండి. శని, ఆదివారాల్లో మూడేసి గంటల పద్ధతికి మళ్లీ వెళ్లొద్దు. కొట్టిన మర్నాటికి నొప్పి తిరగబెట్టి 24 గంటల్లో తగ్గకపోతే తర్వాతి సారి సమయం సగానికి తగ్గించండి. మూడు నెలల వ్యాయామం తర్వాత కూడా పాల క్యాన్ ఎత్తలేకపోతుంటే ఎముకల డాక్టర్‌తో ఒక ఎక్స్‌రే, స్నాయువుకు అల్ట్రాసౌండ్ చేయించుకోండి.