గరిటె ఎవరిది, కత్తి ఎవరిది?

ప్రశ్న: కొండమీద బతికే ఓ కల్పిత వంశం గురించి నవల రాస్తున్నాను. యాభై మంది, ఒకటే పొయ్యి. మగవాళ్ళు యుద్ధానికి, ఆడవాళ్ళు వంటకి అని పంచేశాను. మా అమ్మాయి చదివి "బోర్ అమ్మా" అంది. ఎలా మార్చను?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మాయి మాట వినండమ్మా. తిక్కన విరాటపర్వం ఒకసారి తిరగేయండి. భీముడు వలలుడనే పేరుతో వంటశాలలో చేరాడు, అర్జునుడు బృహన్నలగా నాట్యం నేర్పాడు. నకులుడికి గుర్రాలు, సహదేవుడికి ఆవులు. ద్రౌపది తన గోడు చెప్పుకోవడానికి రాత్రిపూట ఎక్కడికి వెళ్ళింది? వంటింటికే. కీచకుణ్ణి ముద్ద చేసిన చేతులే మళ్ళీ గరిటె పట్టాయి. (మర్నాటి కూర ఎలా కుదిరిందో మరి!)

అసలు యాభై మందికి వండటం చిన్న పనా? పెళ్ళిళ్ళలో మా నాయనమ్మ అన్నం గుండిగ దించడం చూశాను. తడిగోనె ముక్కతో అంచు పట్టుకుని, అవతలివాళ్ళకి "ఊఁ" అనేది, అంతే. ఒకరు తడబడితే ఇద్దరి కాళ్ళూ బొబ్బలే. మీ వంశంలో గుండిగ ఎవరెవరు కలిసి దించుతారో ముందు తేల్చుకోండి. యుద్ధంలో వాళ్ళనే పక్కపక్కన నిలబెట్టండి. ముసలి యోధుడికి పప్పు రుబ్బే పని ఇవ్వండి. సణుగుతాడు, నాలుగు పేజీలు హాయిగా నడుస్తాయి.